సాయికుమార్ తెర, సాలమ్మ ఒక్కపొద్దు

ఆగస్టు 28, 2011. ఆదివారం

ఆరాధనకు ఇయ్యాల సగం మందే వచ్చిన్రు. మిగిలిన సగం ఏడ ఉన్నరో నాకు తెలుసు. సాయికుమార్ మెడికల్ షాపు ముందట. దంతాలపల్లిల కొత్త దేవుడు వెలిసిండు. కంప్యూటర్ల వెలిసిండు.

హైదరాబాదుల ఒక డాక్టరమ్మ కుర్చీల కూసుంటదంట. ఇక్కడ షాపుల తెర మీద కనబడతదంట. మనోడు ఇక్కడ నాలుక చాపితే ఆమె అక్కడ చూసి మందు చెప్తదంట. ఆ మందును సాయికుమార్ అలమారిలకెల్లి తీసి చేతిల పెడ్తడంట. రాసేది తెర, అమ్మేది షాపు, తెర ఉన్నది షాపుల. గొర్రెకు తొవ్వ చూపెట్టేది ఒక తోడేలు, తొవ్వ చివర కూసున్నది ఇంకో తోడేలు.

చెయ్యి పట్టని డాక్టరు డాక్టరేనా? నా ప్రభువు కుష్టురోగిని ముట్టిండు. గుడ్డోని కండ్లకు తన ఉమ్మితోని మట్టి కలిపి రాసిండు. జ్వరంతోని పండుకున్న పేతురు అత్తను చెయ్యి పట్టి లేపిండు. ముట్టకుండ బాగుచేసినట్టు గ్రంథంల యాడ ఉన్నది? ఇదే అడిగిన సభల. 

ఇంటికొచ్చినంక సాలమ్మ బువ్వ పెట్టుకుంట, శతాధిపతి దాసుడు ఉన్నడు గదా అన్నది. నెమ్మదిగ, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు. ప్రభువు ఆ ఇంటికి పోనే పోలే, ఒక్క మాట అంటే చాలు అన్నడు గదా ఆ శతాధిపతి, అంతల్నే దాసుడు లేచిండు గదా అన్నది. పెండ్లైనప్పుడు ఈమెకు అక్షరం రాదు. నా ముందట కూసోబెట్టుకొని వాక్యంల నుంచే అక్షరాలు నేర్పిన. ఆ శతాధిపతి ఇంట్ల గోలీల అలమారి లేదు అని జవాబు చెప్పిన. గిన్నె తీసుకొని లోపటికి పోయింది.

సెప్టెంబర్ 5

వాళ్ల దేవుణ్ణి చూసొచ్చిన.

కూల్ డ్రింకుల ఫ్రిజ్ ఉండేకాడ ఒక టేబులు. దాని మీద తెర. తెర నెత్తిన గోటీ అంత కెమెరా కన్ను. చీర కట్టి ఒక మూల మరుగు చేసిండు. స్టూలు మీద రాజయ్య కూసోని ఉన్నడు, మా సంఘం రాజయ్యే, నన్ను చూసి మొకం తిప్పుకున్నడు. డాక్టరమ్మకు చిన్న వయసు. మాట ముందొస్తది, నోరు తర్వాత కదులుతది. ఏవండీ, ఎలా ఉందండీ, ఎన్నాళ్ల నుంచండీ. ఆంధ్ర యాస. తెలంగాణ అంతట కొట్లాట నడుస్తుంటె, రోగం చెప్పుకునేది మళ్ల వాళ్లకే. రాజయ్య కూడ బిత్తరపోయి ఆమెకు అండీ అండీ అంటున్నడు. నలభై ఏండ్ల నుంచి నాతోని ఏందిరా అని మాట్లాడినోడు.

గోడకు ఫ్రేము కట్టిన ఫార్మసీ సర్టిఫికెట్ ఉన్నది. అందుల ఉన్న పేరు సాయికుమార్‌ది కాదు. ఈ మనిషిని ఊళ్లె ఎవ్వడూ చూడలే, ఎవ్వలాయన అని నలుగురు వినంగ అడిగిన. వాడు నవ్వి, పాస్టరన్నా నీ సర్టిఫికెట్ ఏ గోడకున్నదే అన్నడు. నాది పరలోకంల ఉన్నది అన్న. నా సర్టిఫికెట్ మనిషి వరంగల్‌ల ఉంటడు, నీ దానికంటె దగ్గరనే గదా అన్నడు. షాపంత నవ్విన్రు. రాజయ్య కూడ.

వచ్చేటప్పుడు షాపు మెట్టు తగిలి కాలి పుండు మళ్ల రేగింది. తుమ్మముల్లు గుచ్చి నెల దాటింది. ముల్లు మంచిది కాదు.

సెప్టెంబర్ 11. ఆదివారం

ఇద్దరు యజమానుల మీద వాక్యం చెప్పిన. ఒక దాసుడు ఇద్దరికి కొలువు చెయ్యలేడు. ఒక కన్ను సిలువ మీద, ఒక కన్ను తెర మీద పెట్టినోడు మెల్లకన్ను క్రైస్తవుడు అన్న. మా ప్రార్థన షెడ్డు రేకులు అదిరినయి. ఆడోళ్లందరు తలలు వంచిన్రు. సాలమ్మ అందరికంటె కిందికి వంచింది. పశ్చాత్తాపం. చూస్తెనే తెలుస్తది.

సెప్టెంబర్ 13

సకల జనుల సమ్మె మొదలైంది. ఐగుప్తు ఫరో లెక్క మనల్ని ఇడువని సర్కారుకు ఇగ తెలుస్తది.

సెప్టెంబర్ 20

బస్సులు బందైనయి. మానుకోట పోవాల్నన్నా తొర్రూరు పోవాల్నన్నా కాళ్లే దిక్కు. బొగ్గు బాయిలు కూడ బంద్. కరెంటు ఎప్పుడొస్తదో, వచ్చింది ఎందుకు పోతదో చెప్పేటోడు లేడు. న్యాయంగ చూస్తె సాయికుమార్ తెర మూతపడాలె. పడలే. ఇన్వర్టర్ తెచ్చిండు. బ్యాటరీ మీద నడిచే దేవుడు! దవాఖానకు పోయే తొవ్వ లేక జనం ఇప్పుడు ఇంకా ఎగబడుతున్నరు. చుట్టుపక్కల తండాల నుంచి నడిచి వస్తున్నరు.

మధ్యాహ్నం తండా నుంచి జమ్లీ ఫోన్ చేసింది. మా సంఘంల గట్టి విశ్వాసి, నోరు కూడ గట్టిదే. బిడ్డకు కడుపునొప్పి అన్నది. ఫోన్ స్పీకర్ల పెట్టి పోరి కడుపు మీద ఆనియ్యి అన్న. ఎప్పుడు చేసినట్టే ప్రార్థన చేసిన, నొప్పిని గట్టిగ గద్దించిన. పొద్దుమూకేసరికి పోరి లేచి ఆడుకుంటున్నదంట. స్తోత్రం.

రీచార్జ్ కార్డు కోసం పోతె సాయికుమార్‌కు ఆ సంగతి అప్పుడే తెలుసు. జమ్లీ అక్క చెప్పింది అన్నడు. పాస్టరన్నా, నీ ప్రార్థన ఏ టవర్‌కెల్లి పోయిందో నా డాక్టరు మాట కూడ ఆ టవర్‌కెల్లే వస్తది, నీది ఆత్మ నాది దయ్యం ఎట్లైతది అన్నడు. నా ప్రార్థనకు మందుచీటి ఉండదు అన్న. మరి ఆదివారం కానుకల సంచి ఎందుకు తిరుగుతది అన్నడు. మూర్ఖునికి వాని మూర్ఖత్వం చొప్పున జవాబియ్యొద్దని వాక్యం. ఇయ్యలే.

జమ్లీ ఆ షాపుకు ఎందుకు పోయినట్టు?

సెప్టెంబర్ 24

బస్టాండు కాడ సమ్మె టెంటు. రిలే నిరాహార దీక్ష అంట. పదింటికి మెడల పూలదండ, ఐదింటికి నిమ్మకాయ నీళ్లు. నడుమల టెంటు వెనుక మిర్చి బజ్జీలు. ఫొటో తీసేటోడు వస్తె నీరసంగ ఒరుగుతరు, వాడు పోంగనే పేక ముక్కలు బయటికొస్తయి. ఇసొంటి ఉపవాసానికి తెలంగాణ కాదు గదా, తాటికల్లు కూడ రాదు.

ఎస్తేరు రాణి తన జాతి కోసం మూడు పగళ్లు మూడు రాత్రులు ఏమీ ముట్టలే. రాజు మనసు తిరిగింది. జాతి బతికింది. అది ఒక్కపొద్దంటె.

కాబట్టి ప్రకటించిన. బుధ, గురు, శుక్రవారాలు రేకుల షెడ్డుల ఉపవాస ప్రార్థన. తెలంగాణ విడుదల కోసం. మంచినీళ్లు తప్ప ఏదీ లోపటికి పోవద్దు. టెంటోళ్లు చూసి సిగ్గుపడాలె. చాయ్ తాగొచ్చునా అని రాజయ్య అడిగిండు. ఊకె చూసిన. కూసున్నడు. ఉంటం అన్నోళ్లు లేవండి అంటె మొదాలు లేచింది సాలమ్మ. నా ఎముకలల ఎముక.

సెప్టెంబర్ 27

నీరసంగ ఉన్నదని సాలమ్మ అన్నది. విశ్వాసికి నీరసం ఉండదు. ఉన్నా చెప్పుకోడు.

సెప్టెంబర్ 28. బుధవారం

మొదటి దినం. షెడ్డు నిండింది. చంటిపిల్లల తల్లులు ముగ్గురు కూడ ఉన్నరు, రాజయ్య కూడ ఉన్నడు, దవడల తంబాకు ఉన్నది, ఉమ్మిపిచ్చిన.

నాకు దూప బాగైతున్నది. బిందె ఖాళీ చేస్తున్న, ఒంటికి పోతున్న, మళ్ల తాగుతున్న. నెల రోజుల సంది గిట్లనే. ఉపవాసంల ఇంకా ఎక్కువైంది. దేహంల ఉన్న కల్మషం కడుక్కపోతున్నది.

పొద్దుగాల సాలమ్మ కుండ కాడ నిలబడి నీళ్లతోని ఏదో నోట్లె ఏసుకుంటుంటె చూసిన. ఏందది అంటె లవంగం అన్నది. లవంగం కూడ వద్దు అన్న. సరే అన్నది.

సెప్టెంబర్ 30. శుక్రవారం

నిన్న రాయలే. ఇయ్యాల రాస్త.

నిన్న రెండో దినం. ఎండ రేకుల మీదికొచ్చింది. డప్పు నడుస్తున్నది, జమ్లీ తాళాలు కొడుతున్నది. ఆడోళ్ల దిక్కు సాలమ్మ ఊగుడు పెట్టింది. చేతులు వణుకుతున్నయి. ఒళ్లంత చెమట. నోట్లె నుంచి మాటలు వస్తున్నయి, ఏ మాటా పూరాగ రావట్లే, నాలుక మందమైంది. ఆత్మ దిగింది అని అరిచిన. అన్య భాషలు, వినండి అని అరిచిన. మొదాలు నా ఇంటి మీదనే దిగినందుకు నా ఛాతి ఉప్పొంగింది. జనం చప్పట్లు, డప్పు జోరు. పోయి నెత్తి మీద చెయ్యి పెట్టిన. వెంట్రుకలు తడి. నొసలు సల్లగ, కుండ లెక్క. ఆత్మ అగ్ని లెక్క దిగుతది గదా, సల్లగెందుకున్నది అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించినా ఇంకా గట్టిగ అరిచిన.

జమ్లీ తాళాలు కింద పారేసి జనాన్ని నూకుకుంట వచ్చింది. ఆపు అన్నా అన్నది. గిది ఆత్మ గాదు, గోలీ. షుగర్ గోలీ. పొద్దుగాల మింగింది, నిన్న మింగింది, కడుపుల ఒక్క మెతుకు లేదు, అక్క సస్తది అన్నది.

డప్పు ఆగింది. నా పెండ్లాం రోగం నాకు అట్ల తెలిసింది. సంఘమంత వినంగ.

తెర వచ్చిన మొదటి వారంలనే పోయిందంట. సాలమ్మ, జమ్లీ, ఇద్దరు కలిసి, చీర మరుగుకు. సమ్మె మొదలైనంక మళ్ల పోతె షుగర్ దిగలేదని డాక్టరమ్మ గోలీ ఎక్కువ చేసిందంట. నేను మెల్లకన్ను వాక్యం చెప్పిన నాటికే సాలమ్మ కొంగు ముడిల గోలీలున్నయి. తల వంచింది అందుకు.

మొదాలు నాకొచ్చింది కోపమే. బతుకుతదా అన్న భయం తర్వాత వచ్చింది. వరుస అదే, ఉన్నదున్నట్టు రాస్తున్న.

ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టి మోసినం. బస్టాండు కాడ టెంటోళ్లు తొవ్వకు అడ్డం పెట్టిన బండలు తీసిన్రు. పూలదండ మెడలనే ఉన్న ఒకడు ఉరికొచ్చి కుర్చీకాలు పట్టిండు. వాని నోరు బజ్జీల వాసన కొట్టింది. వాని భుజం మాత్రం నా భుజం కంటె గట్టిగున్నది. రెండు దినాల సంది తిననిది నేను గదా.

సాయికుమార్ ఉరికొచ్చిండు. వేలు పొడిచి చిన్న మిషన్ల రక్తం పెట్టిండు. షుగర్ ముప్పై ఎనిమిదికి పడ్డది అన్నడు. వెనుక నుంచి రాజయ్య, ముప్పై ఎనిమిదంటె పాసే గదా అన్నడు.  సాయికుమార్ తెర దిక్కు తిరిగి మేడమ్ అని కేకేసిండు. ఆమె అటు ఇంకెవరితోనో మాట్లాడుతున్నది, ఆపి ఇటు తిరిగింది. స్పృహలో ఉన్నారా, మింగగలరా అని అడిగింది. వీపు ఆనించి కూర్చోబెట్టండి, గ్లూకోజు నీళ్లు కొంచెం కొంచెం పట్టించండి, గుమ్మరించకండి అన్నది. సాయికుమార్ అలమారిలకెల్లి గ్లూకోజు డబ్బా గుంజి, మూత పండ్లతోని చింపిండు.

సాలమ్మ నోరు తెరవలే.

పండ్లు గట్టిగ కరుసుకున్నది. గ్లాసు ఆనిస్తె మొకం తిప్పుతున్నది. మూడొద్దులు గాలే, మూడొద్దులు గాలే అంటున్నది. సగం సోయి పోయింది గాని మొక్కు పోలే. జమ్లీ ఏడుస్తున్నది, తాగు అక్కా తాగు అంటున్నది. వింటలేదు.

ఎవరు తినొద్దన్నారు ఈమెను అని తెర అడిగింది. షాపుల ఉన్నోళ్లందరు నా దిక్కు చూసిన్రు. తెర నెత్తి మీదున్న ఆ కన్ను కూడ నన్నే చూసినట్టున్నది. మీరు చెప్తే తాగుతుంది, ఒక్క మాట చాలు అన్నది డాక్టరమ్మ. ఈసారి అండి లేదు.

ఒక్క మాట. శతాధిపతి అడిగింది కూడ అంతే.

నాకు ఆ మాట వెంటనే రాలే. ఇది కూడ రాస్త. షాపు ముందట నా సంఘం నిలబడి ఉన్నది, వాళ్ల వెనుక టెంటోళ్లు. మోకాళ్ల మీద కూసోని చెవుల చెప్పిన. ఉపవాసం అయిపోయింది సాలమ్మా, ప్రభువు అంగీకరించిండు, తాగు. రెండో దినం మధ్యాహ్నానికే మూడు దినాలు నిండినయని ప్రభువు పేరు మీద అబద్ధమాడిన. నోరు తెరిచింది. తాగింది. సగం చీర మీద పోయింది, సగం లోపటికి పోయింది.

కొద్దిసేపటికి కండ్లల మనిషి వచ్చింది. లేద్దాం ఇంటికి పోదాం అన్న. తెర ఒప్పుకోలే. ఈ గోలీ రక్తంలో ఉండిపోతుంది, షుగర్ మళ్లీ పడిపోతుంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి అన్నది. 108కు ఫోన్ చేస్తె బండి గూడూరు దిక్కు కాన్పుకు పోయింది, పొద్దుమూకి వస్తది అన్నరు. అందాక మళ్ల మళ్ల వేలు పొడుచుకుంట, తినిపించుకుంట కూసోమన్నది. తను కూడ కూసున్నది. ఆమె టైం అయిపోయిందంట, పోలే. మా ముందటనే టిఫిన్ డబ్బ తెరిచి పెరుగన్నం తిన్నది. పక్కకు మామిడికాయ పచ్చడి. రెండు దినాల సంది ఏం తినని దైవజనుని ముందట కూసోని ముద్ద ముద్ద చప్పరించుకుంట తిన్నది. నా జన్మల ఏ మనిషి తిండినీ అంత కోపంగ చూడలే.

సాయంత్రానికి మళ్ల పడ్డది, యాభై అన్నడు. సరిగ్గ అప్పుడే ఇన్వర్టర్ సచ్చింది. తెర నల్లగైంది. ఇదీ మీ దేవుడు అందామని నోట్లెకొచ్చింది. అనేలోపట సాయికుమార్ ఫోన్ మోగింది. ఆమెనే. వాడు స్పీకర్ పెట్టి ఫోన్ నా చేతిల పెట్టి, గ్లూకోజు కలుపపోయిండు. సాలమ్మ తల వాలుస్తున్నది. ఫోన్ ఆమె చెంపకు ఆనిచ్చి పట్టుకున్న. జమ్లీ తన బిడ్డ కడుపు మీద ఎట్ల పట్టిందో అట్లనే పట్టిన.

నిద్రపోనివ్వకుండ మాట్లాడిస్తున్నది ఆ గొంతు. మీ పేరేంటి అన్నది. సాలమ్మ అన్నది. మీ ఆయన పేరేంటి అన్నది. మా దిక్కు ఆడది మొగని పేరు చెప్పదు. ముప్పై ఏండ్లల నా పేరు ఈమె నోట వినలే. ఎల్లయ్య అన్నది. ఏలియా అనలే. బాప్తిస్మంల నేను పారేసిన పేరు ఈమె కాడ దాసుకున్నది.

ఉపవాసం ఉన్నట్టు నాకెందుకు చెప్పలేదమ్మా అన్నది గొంతు. సాలమ్మ మెల్లగ అన్నది, మీరు గోలీ ఒక్క పూట గూడ ఇడువొద్దన్నరు, ఆయన ఒక్క మెతుకు గూడ ముట్టొద్దన్నడు, ఇద్దరి మాట విన్న గదా మేడమ్ అన్నది.

  తిన్నవా అని తెర అడుగలే. పక్కల పండుకునే నేను కూడ అడుగలే.

బండి వచ్చింది. టెంటోళ్లే మళ్ల బండలు తీసిన్రు. సాలమ్మకు తోడు జమ్లీ పోయింది.

అక్టోబర్ 3

మానుకోట దవాఖాన నుంచి సాలమ్మ ఇంటికొచ్చింది. అక్కడి డాక్టరు చెయ్యి పట్టి చూసిండా అని అడిగిన. మొకం కూడ చూడలే, చీటి చూసిండు అన్నది.

నాకెందుకు చెప్పలే అన్న. నువ్వు చెప్పనిస్తివా అన్నది. అని, బియ్యం చెరుగుకుంట పోయింది.

గోలీ తగ్గించి కొత్త చీటి రాసేందుకు తెర ముందట కూసోవాలె. నడవలేకున్నది గదా, సైకిల్ మీద నేనే తీస్కపోయిన. చీర మరుగుకు కాదు, అందరు చూడంగ. డాక్టరమ్మ ఆమె సంగతి అయినంక, మీరు కుంటుతున్నారేంటి, ఆ కాలు కెమెరాకు చూపించండి అన్నది. నా కాలు నా ప్రభువు చూసుకుంటడు అన్న. సాలమ్మ వంగి, నా కాలుకున్న బట్ట విప్పి, నా కాలును ఎత్తి తెరకు చూపెట్టింది. బజార్ల జనం చూస్తున్నరు. సాయికుమార్ సూది తీసి నా వేలు పొడిచిండు. వాని మొకంల నవ్వు లేదు, అదే ఎక్కువ మండింది నాకు.

మిషన్ల వచ్చిన నంబర్ ఇక్కడ రాయ, ఇచ్చిన గోలీల పేరు కూడ రాయ.

అక్టోబర్ 9. ఆదివారం

తెర అడుగమన్నందుకు కాదు. నా ఇష్టంతోని అడిగిన. షుగర్‌కు, బీపీకి గోలీలు మింగేటోళ్లు చేతులెత్తండి అన్న. ఒక్క చెయ్యి లేవలే. వేషధారులు. సరే, తలలు వంచి కండ్లు మూసుకోండి, ఎవ్వలూ ఎవ్వలిని చూడొద్దు అన్న. రక్షణ కోసం పిలిచినప్పుడు అన్నట్టే.

చేతులు లేచినయి. రాజయ్యది. జమ్లీది. స్తోత్రానికి ఎన్నడూ అన్ని లేవలే.

కండ్లు మూసుకోనిది సాలమ్మ ఒక్కతే. నా చేతి దిక్కు చూస్తున్నది.